ఓపస్ 110 ప్రాక్టీస్ డైరీ: మధ్య గొంతు వినపడేదాకా

ప్రోగ్రాం ఖరారు

నా పియానో రిసైటల్ (సోలో కచేరీ) ప్రోగ్రాం పంపించేశా, ఇంక మార్చేది లేదు. మొదటి సగంలో బాఖ్ పార్టీటా ఒకటి, దాని వెనకే బీథోవెన్ ఏ ఫ్లాట్ (A flat) మేజర్ సొనాటా ఓపస్ 110 (ఓపస్ అంటే రచన నంబర్), ఇంటర్వెల్ అయ్యాక షూబర్ట్ ఓపస్ 90 ఇంప్రాంప్టులు నాలుగూ, చివర్లో షొపాన్ బార్కరోల్. మిగతావన్నీ ఇదివరకు స్టేజి మీద వాయించినవే, దుమ్ము దులిపితే చాలు (షూబర్ట్ విషయంలో ఆ మాట అనకూడదు, ఎన్నిసార్లు వాయించినా ఆయన మళ్ళీ మొదట్నుంచీ బతిమాలించుకుంటాడు). కొత్తగా చేతికి ఎక్కాల్సింది ఓపస్ 110 ఒక్కటే. అందుకే ఈ డైరీ దాని గురించే ఎక్కువ ఉంటుంది.

వాయిస్తే ఇరవై నిమిషాల సొనాటా. రాతప్రతి మీద బీథోవెన్ వేసుకున్న తేదీ 1821 డిసెంబర్ 25, అప్పటికి ఆయనకి చెవులు దాదాపు పనిచెయ్యట్లేదు. మొదటి భాగం మెత్తగా పాడుతూ పోతుంది, రెండోది చిన్నగా, గరుగ్గా, కొంచెం మొరటు హాస్యంతో ఉంటుంది. అసలు కథంతా మూడో దాంట్లో. ఒక ఏడుపు పాట, దాని వెనకే మూడు గొంతుల ఫ్యూగ్ (ఒకే వరసని విడివిడి గొంతులు, అంటే విడివిడి స్వరాల లైన్లు, ఒకదాని వెనక ఒకటి అందుకునే రచన), మళ్ళీ అదే ఏడుపు పాట ఈసారి జీ మైనర్‌లో ఊపిరాడనట్టు ముక్కలు ముక్కలుగా, మళ్ళీ ఫ్యూగ్ కానీ వరస తలకిందులుగా, అక్కణ్ణుంచి మెల్లగా ప్రాణం తెచ్చుకుని ఏ ఫ్లాట్‌లోకి తిరిగొచ్చి ముగుస్తుంది.

నా రోజు ఎలా ఉంటుందో కూడా చెప్పాలి, లేకపోతే ఈ ప్రాజెక్టు ఎందుకింత నత్తనడక నడుస్తుందో అర్థం కాదు. పొద్దున నా సాధన, మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా లెసన్లు. పాఠాలు చెప్పడం వల్ల కచేరీ వాయిద్యం పాడవుతుందని అనేవాళ్ళున్నారు, నేను ఒప్పుకోను. చెవి అలిసిపోతుంది, అది మాత్రం నిజం. నాలుగు గంటలు వేరేవాళ్ళ తప్పు స్వరాలు విన్నాక రాత్రి కూర్చుని ఫ్యూగ్ వాయిస్తే మధ్యలో ఏం జరుగుతోందో వినపడదు. అందుకని కొత్త పనంతా పొద్దున్నే, రాత్రికి తెలిసిన ముక్కలు.

పెన్సిల్ పని

ఈ వారమంతా వేళ్ళ నంబర్లే. హెన్లే ఉర్‌టెక్స్ట్ స్కోర్‌లో (మూలానికి దగ్గరగా అచ్చేసిన నోట్స్ పుస్తకం) అచ్చు వేసిన ఫింగరింగ్ ఉంటుంది, చూస్తా గానీ నా చేతికి సరిపడనిది కొట్టేస్తా. ఫ్యూగ్‌లో మూడు గొంతులు, చేతులు రెండే. పైదాన్ని కుడి చెయ్యి చిటికెన వేలూ ఉంగరం వేలూ చూసుకుంటాయి, కిందిది ఎడమ చేతిది, మధ్య గొంతుకి సొంత చెయ్యంటూ లేదు. కాసేపు కుడి బొటనవేలు మోస్తుంది, ఇంతలో ఆ చెయ్యి పైకి పోవాల్సొచ్చి దాన్ని ఎడమ బొటనవేలికి అప్పగిస్తుంది, రెండు బార్లు (తాళపు గడులు) గడిచాక మళ్ళీ వెనక్కి. వినేవాళ్ళకి మాత్రం అదంతా ఒకే మనిషి ఒకే ఊపిరిలో పాడినట్టు ఉండాలి. ఈ ప్రాజెక్టులో నేను సాధించాల్సింది అదొక్కటే, మిగతా తిప్పలన్నీ దాని చుట్టూ తిరిగేవే.

వరస తెలుసుకోవడానికి సులువే. ఏ ఫ్లాట్ నుంచి డీ ఫ్లాట్, బీ ఫ్లాట్ నుంచి ఈ ఫ్లాట్, సీ నుంచి ఎఫ్. నాలుగు మెట్లు ఎక్కు, కొంచెం దిగు, మళ్ళీ నాలుగు మెట్లు ఎక్కు, అలా మూడుసార్లు ఎక్కి పైనుంచి నెమ్మదిగా మెట్టు మెట్టూ దిగుతుంది. ముందు కింది గొంతు మొదలెడుతుంది, తర్వాత మధ్యది, తర్వాత పైది. పైది వచ్చేసరికి చెవి దానివెంట పరిగెడుతుంది కాబట్టి మధ్యది గాలికి పోతుంది. వాయించేవాళ్ళకే అలా అయితే వినేవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు.

అప్పగింతలు జరిగే చోట్లన్నీ స్కోర్‌లో గుండ్రంగా చుట్టి పెట్టుకున్నా. ఒక్కో చోట నొక్కిన కీని వదలకుండా దానిమీదే వేలు మార్చాలి, మూడో వేలుతో నొక్కి, శబ్దం రాకుండా బొటనవేలు కిందకి దూర్చి, మూడో వేలిని పక్క స్వరానికి ఖాళీ చెయ్యడం. ఆర్గాన్ వాయించేవాళ్ళు ఇది రోజంతా చేస్తారు, ఎందుకంటే అక్కడ వేలు తీసిన క్షణం శబ్దం ఆగిపోతుంది. పియానో వాళ్ళం శబ్దాన్ని పట్టి ఉంచే పెడల్ ఉంది కదా అని బద్ధకిస్తాం. ఫ్యూగ్‌లో పెడల్‌తో అతికిస్తే మూడు గొంతులూ కలిసి ముద్దయిపోతాయి, కాబట్టి వేళ్ళతోనే అతకాలి, పెడల్ రంగు కోసం అంతే.

రెండు గొంతుల స్టూడెంట్, మూడు గొంతుల టీచర్

నా దగ్గర ఒకాయన నేర్చుకుంటున్నారు, ఉద్యోగస్తుడు, పెద్దయ్యాక మొదలుపెట్టారు, బాఖ్ సీ మేజర్ ఇన్వెన్షన్ (సాధన కోసం రాసిన చిన్న ముక్క) మీదున్నారు. రెండు గొంతులు, ఇరవై రెండు బార్లు, పేజీన్నర. బాఖ్ 1723లో ఈ ఇన్వెన్షన్ల పుస్తకానికి రాసిన ముఖపత్రంలోనే చెప్పాడు ఇవెందుకో: ముందు రెండు గొంతుల్ని శుభ్రంగా వాయించడం, అది వచ్చాక మూడు, అన్నిటికంటే ముఖ్యంగా పాడుతున్నట్టు వాయించే పద్ధతి పట్టుబడటం. మూడొందల ఏళ్ళయినా ఇంతకంటే మంచి సిలబస్ నాకు కనపడలేదు.

ఆయన చేతులు విడివిడిగా బాగానే వాయిస్తున్నారు, కలిపితే ఎడమ చెయ్యి కుడిచేతికి తోకలా అయిపోతోంది. ఒక చెయ్యి వాయిస్తూ రెండోదాన్ని పాడమన్నా. "నాకు పాట రాదు టీచర్, నా గొంతు మీరు వినలేరు" అన్నారు. "గొంతు ఎలా ఉన్నా పర్లేదండీ, స్వరం ఎక్కుతుందో దిగుతుందో తెలిస్తే చాలు" అన్నా. మొదట గొణిగారు, తర్వాత ఆగారు, తర్వాత నవ్వొచ్చింది ఇద్దరికీ, గంట అయ్యేసరికి నాలుగు బార్లు వచ్చాయి. మూడో బార్ దగ్గర ఆయనే ఆగి "ఇది మొదటి వరసే కదా, బోర్లా పడేసినట్టుంది" అన్నారు. అవును, అదే! నేను చెప్పలేదు, పాడుతుంటే ఆయనకే దొరికింది.

ఆయన వెళ్ళాక ఓపస్ 110లో రెండో ఫ్యూగ్ తీశా. అక్కడా అదే పని, ఎక్కే నాలుగు మెట్లు దిగే నాలుగు మెట్లవుతాయి, జీ మేజర్‌లో. పైనా కిందా రెండు గొంతులు వాయిస్తూ మధ్యది పాడటం మొదలుపెట్టా. చెప్పినంత తేలిక కాదు, వేళ్ళకి మూడూ తెలుసు కాబట్టి మధ్యది వాయించేస్తాయి, వాటిని ఆపాలి. ఇప్పుడు రోజూ దీంతోనే మొదలుపెడుతున్నా. ఇంకొకటి, పైదీ కిందిదీ పొట్టిగా తుంచి, మధ్యది మాత్రం సాగదీసి వాయించడం. దీనికి బుర్ర మామూలుగా వేడెక్కదు.

ఒకే స్వరం, రెండు వేళ్ళు

ఏడుపు పాటకి ముందు మాట్లాడినట్టుండే చిన్న భాగం ఒకటుంది. అక్కడ కుడిచేతిలో 'ఏ' (A) స్వరం మళ్ళీ మళ్ళీ వస్తుంది, రెండేసి కలిపి టై గీత, పైన 4-3 (ఉంగరం వేలు, నడిమి వేలు) అని వేలి నంబర్లు. టై ఉంటే రెండోది కొట్టకూడదు, కొట్టకూడని దానికి వేరే వేలెందుకు? పియానిస్టులు దీనిమీద కొట్టుకుంటూనే ఉన్నారు. పాత క్లావికార్డ్ అనే కీబోర్డ్ వాద్యంలో కీ నొక్కినంతసేపూ లోహపు ముక్క తీగని తాకే ఉంటుంది కాబట్టి వేలిని ఊపితే స్వరం గమకంలా ఊగేది. ఆ ఊపు బీథోవెన్‌కి పియానోలో కావాల్సొచ్చిందని నా లెక్క, అందుకని రెండో స్వరాన్ని వినీ వినపడనట్టు తాకుతున్నా, కీని పూర్తిగా పైకి రానివ్వకుండా.

ఇది గ్రాండ్ పియానో మీద కుదురుతుంది, ఎందుకంటే అందులో డబుల్ ఎస్కేప్‌మెంట్ అనే ఏర్పాటుంది, కీ సగం పైకొచ్చినా సుత్తి మళ్ళీ కొట్టడానికి సిద్ధంగా ఉంటుంది. ఎరార్ అనే పియానోల కంపెనీ వాళ్ళు దానికి పేటెంట్ తీసుకుంది కూడా 1821లోనే, ఈ సొనాటా రాసిన ఏడే. బీథోవెన్ ఇంట్లో ఉన్న పియానోలో అది లేదు. మామూలు అప్‌రైట్‌లో (నిలువు పియానోలో) ఇప్పటికీ ఉండదు, కీ దాదాపు పైదాకా వచ్చాకే రెండోసారి పలుకుతుంది. స్టూడెంట్లకి నేను ఎప్పుడూ చెప్పేది ఇదే, ఇంట్లో అప్‌రైట్ మీద ఒకే స్వరం వేగంగా తిరిగి పలకకపోతే వేళ్ళని తిట్టుకోకండి, సగం తప్పు యంత్రానిది.

భుజం

కుడి భుజం పట్టేసింది. కారణం బీథోవెన్ కాదు, లెసన్లు. స్టూడెంట్ పక్కన కూర్చుని, వాళ్ళ మీదుగా వంగి, నడుము తిప్పి రెండు బార్లు వాయించి చూపించడం, రోజూ అదే. వంకర కూర్చుని వాయిస్తే మోచెయ్యి గాల్లో ఉంటుంది, బరువంతా భుజం మీద. మూలనున్న డిజిటల్ పియానోని లాగి గ్రాండ్ పక్కన పెట్టా. ఇప్పుడు నా కుర్చీ నాది, వాళ్ళ బెంచీ వాళ్ళది. దీనివల్ల కలిసొచ్చిన లాభం ఇంకోటి, ఇన్వెన్షన్ ఒక్కో గొంతూ ఒక్కొక్కళ్ళం పంచుకుని వాయించొచ్చు.

జ్ఞాపకం సంగతి

స్కోర్ పెట్టుకోవాలా వద్దా? స్కోర్ లేకుండా వాయించడం అనేది క్లారా షూమన్, లిస్ట్ అనే పియానిస్టుల కాలం నుంచి మొదలైన ఆచారం, అంతకుముందు అది గొప్పలు పోవడం కింద లెక్క. పియానిస్టు రిక్టర్ చివరి ఏళ్ళలో హాలు చీకటి చేయించి, స్కోర్ మీద చిన్న దీపం పెట్టుకుని వాయించేవాడు, ఆయన్ని ఎవరేమన్నారు? కాబట్టి పరువు ప్రశ్న కాదిది. బాఖ్‌కి టాబ్లెట్ పెట్టుకుంటా. ఓపస్ 110కి మాత్రం వద్దనుకున్నా, ఎందుకంటే పేజీ చూస్తే నా కన్ను పై లైన్ మీదే పోతుంది, మధ్య గొంతు మళ్ళీ మొదటికొస్తుంది.

వేళ్ళ జ్ఞాపకాన్ని నమ్మను. అది గొలుసు లాంటిది, ఒక లింకు తెగితే మొదట్నుంచీ రావాలి, స్టేజి మీద మొదట్నుంచీ రావడం అంటే ఏంటో అందరికీ తెలుసు. ఫ్యూగ్ మొత్తాన్ని ముక్కలుగా కోసి, వరస కొత్తగా మొదలయ్యే ప్రతి చోటికీ నంబర్ వేశా. స్టూడెంట్లు వచ్చినప్పుడు చీటీ వాళ్ళ చేతికిచ్చి ఏదో ఒక నంబర్ చెప్పమంటా, అక్కణ్ణుంచి ఎత్తుకోవాలి. ఒక పాప (చాలా నిక్కచ్చి మనిషి, తొమ్మిదేళ్ళుంటాయేమో) "ఏడు" అంది, మొదలుపెట్టా, "ఆపండి టీచర్, ఇప్పుడు మూడు" అంది, మూడు పట్టుకోడానికి క్షణం ఆలస్యమైంది, వెంటనే "మీరు ఆలోచించారు" అని పట్టేసింది. ఆలోచించడం తప్పు కాదమ్మా అందామనుకున్నా, కానీ ఆమె చెప్పింది నిజమే, ఆ చోటు ఇంకా గట్టిపడలేదు. చీటీ మీద మూడుకి గీత కొట్టింది ఆమే.

ఇంకో పని, మధ్య గొంతుని పియానోకి దూరంగా కూర్చుని ఖాళీ స్టాఫ్ పేపర్ మీద చూడకుండా రాయడం. ఎక్కడ పెన్సిల్ ఆగిందో అక్కడ వాయించేటప్పుడు కూడా చేతులే నడుపుతున్నాయని అర్థం. స్టూడెంట్లకి ఇది శిక్షలా అనిపిస్తుంది గానీ ఒక్క పేజీ రాస్తే ఎన్నో గంటల సాధన మిగులుతుంది.

షూబర్ట్ ఆరు ఫ్లాట్లు

మధ్యలో బీథోవెన్‌కి సెలవిచ్చి షూబర్ట్ తీశా. ఓపస్ 90లో మూడోది జీ ఫ్లాట్ మేజర్, అంటే ఆరు ఫ్లాట్లు (స్వరాన్ని అరమెట్టు దించే గుర్తులు). దాన్నే నేర్చుకుంటున్న కాలేజీ అమ్మాయి "టీచర్, జీ మేజర్‌లో వాయిస్తే ఒకటే షార్ప్ కదా, ఎవరికి తెలుస్తుంది?" అంది. మొదట అచ్చేసినవాళ్ళకీ అదే బుద్ధి పుట్టింది. షూబర్ట్ దీన్ని 1827లో రాస్తే అచ్చయింది 1857లో, అదీ జీ మేజర్‌లోకి మార్చేసి, కొనేవాళ్ళు ఆరు ఫ్లాట్లు చూసి పారిపోకుండా. అప్పటికి ఆయన పోయి దాదాపు ముప్ఫై ఏళ్ళు, అడిగేవాడు లేడు.

ఆ అమ్మాయితో రెండు రకాలుగానూ వాయించి చూడమన్నా. కాగితం మీద జీ మేజర్ సులువు, చేతికి మాత్రం జీ ఫ్లాటే సుఖం. పొడుగు వేళ్ళు నల్ల కీల మీద కూర్చుంటాయి, పొట్టి వేళ్ళు తెల్లవాటి మీద, చెయ్యి ఎలా ఉంటుందో కీబోర్డ్ అలా ఉంటుంది. షొపాన్ తన స్టూడెంట్లకి స్కేల్స్ సీ మేజర్‌తో మొదలుపెట్టించకుండా బీ మేజర్‌తో మొదలుపెట్టించింది ఇందుకే. ఆమె రెండు లైన్లు వాయించి ఏమీ అనకుండా జీ ఫ్లాట్ పేజీ తిప్పుకుంది.

తిరిగి లేవడం

రెండో ఏడుపు పాట ఆగిపోయాక జీ మేజర్ కార్డ్ (కలిపి మోగే స్వరాల గుత్తి) ఒకటే మళ్ళీ మళ్ళీ వస్తుంది, అంతకంతకీ పెద్దదవుతూ. దాని తర్వాత తలకిందుల ఫ్యూగ్, ఊనా కోర్దా, అంటే ఎడమ పెడల్ వేసి. గ్రాండ్‌లో ఆ పెడల్ నొక్కితే సుత్తుల వరస మొత్తం కొంచెం పక్కకి జరుగుతుంది, మూడు తీగల స్వరానికి రెండే తగులుతాయి, అది కూడా ఫెల్ట్‌లో అరగని మెత్తటి చోటు తగులుతుంది. శబ్దం తగ్గడం కంటే రంగు మారడం ఎక్కువ. అప్‌రైట్‌లో ఇలా జరగదు, సుత్తులు తీగలకి దగ్గరవుతాయి, అంతే, రంగు అదే.

ఆ కార్డ్‌లు ఎంత పెద్దగా వాయించాలన్నది వారమంతా తేల్చుకోలేకపోయా. చాలామంది ఉరిమినట్టు వాయిస్తారు. నాకు అది నచ్చట్లేదు, అంత పెద్దగా వాయిస్తే దాని వెనకే వచ్చే సన్నటి ఫ్యూగ్ మొదటి స్వరాలు ఆ ప్రతిధ్వనిలోనే మునిగిపోతాయి. ఇప్పుడు చేస్తున్నది: పెంచుతూ పోతా, కానీ కింది స్వరాలని పైవాటికంటే ఒక పిసరు ఎక్కువ బరువుతో, కార్డ్ లావెక్కినట్టు ఉండాలి గానీ అరిచినట్టు ఉండకూడదు. హాల్లో పియానో ఎలా పలుకుతుందో చూశాక ఇది మారొచ్చు, మన పియానో వెంట తీసుకెళ్ళే వాద్యం కాదు కదా, అక్కడ ఏదుంటే దానితోనే కాపురం.

రన్ త్రూ

స్టూడెంట్లనీ, వాళ్ళ ఇంట్లోవాళ్ళనీ పిలిచి మొదటి సగం మొత్తం ఆపకుండా వాయించా. ఫోన్ గదికి ఆ చివర పెట్టి రికార్డ్ చేశా. ఫోన్ రికార్డింగ్ పెద్ద శబ్దాలని నొక్కేస్తుంది కాబట్టి డైనమిక్స్ (శబ్దం హెచ్చుతగ్గులు) గురించి అది చెప్పేది నమ్మను, కానీ ఏ గొంతు మాయమైందో మాత్రం నిర్దాక్షిణ్యంగా చెప్తుంది.

మొదటి ఫ్యూగ్ బాగుంది, నిజంగా బాగుంది. మధ్యది వస్తోంది, ఎడమ బొటనవేలికి మారేటప్పుడు కుదుపు తెలియట్లేదు. నంబర్ మూడు కూడా సాఫీగా పోయింది, నిక్కచ్చి పాప ముందు వరసలో కూర్చుని తలూపింది కూడా. సమస్య అంతా రెండో ఫ్యూగ్ చివర, వరసని చిన్న చిన్న విలువల్లోకి కుదించి ఒక గొంతులో పరిగెత్తిస్తూ, ఇంకో గొంతులో అదే వరసని నింపాదిగా నడిపిస్తాడే, ఆ చోట. పైగా అక్కడ వేగం తగ్గించమని రాసి, వెంటనే మళ్ళీ కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పొమ్మంటాడు. రికార్డింగ్‌లో పరిగెత్తే గొంతు మాత్రమే వినపడుతోంది, నింపాదిది గోడ వెనకనుంచి వస్తున్నట్టుంది.

మెట్రోనోమ్ ఇక్కడ పనికిరాదు, వేగం బార్ బార్‌కీ మారుతుంది కాబట్టి. నింపాది గొంతుని ఒక్కదాన్నే వాయిస్తూ, పరిగెత్తేదాన్ని మనసులో నడుపుకోవడం మొదలుపెట్టా, అంటే ఇన్నాళ్ళూ చేసినదానికి తిరగేసి. ఇన్వెన్షన్ ఆయన సాయం కూడా తీసుకున్నా, ఆయనకిది చూసి వాయించేంత రాకపోయినా నింపాది గొంతు ఒక్కటీ డిజిటల్ మీద ఒక వేలితో వాయించగలరు, నేను మిగతావి వాయించా. వేరే మనిషి పట్టుకున్న వరసని వినకుండా ఉండలేం కదా, తను కాస్త వెనకబడితే నేను ఆగాలి. ఆయనైతే "బీథోవెన్ సొనాటా వాయించానని ఇంట్లో చెప్పుకోవచ్చా టీచర్" అన్నారు. చెప్పుకోండి, మూడింట ఒక వంతు నిజమే.

రెండోసారి రికార్డ్ చేస్తే గోడ వెనక గొంతు గదిలోకి వచ్చింది. ఇంకా తలుపు దగ్గరే ఉంది, కానీ వచ్చింది.

మిగిలిన పనులు

ట్యూనర్‌ని పిలవాలి, గాలిలో తేమ మారి సౌండ్‌బోర్డ్ ఉబ్బింది, మధ్య ఆక్టేవ్‌లు కొంచెం పైకి పోయాయి, దిగువ స్వరాలు ఉన్నచోటే ఉన్నాయి, కలిపి వాయిస్తే చెవిలో గుచ్చుకుంటోంది. హాల్‌వాళ్ళని అడిగి కచేరీకి ముందు వాళ్ళ పియానో మీద కనీసం గంట ఇప్పించుకోవాలి, ముఖ్యంగా ఎడమ పెడల్ ఎంత జరుగుతుందో, ఆ 'ఏ' (A) స్వరం సగం కీ మీద పలుకుతుందో లేదో చూడాలి. పలకకపోతే 4-3 ప్లాన్ మానేసి స్వరాన్ని పట్టి ఉంచేస్తా, ఆ మాట స్కోర్‌లో రాసి పెట్టుకున్నా. రేపు పొద్దున బార్కరోల్, కుడిచేతి థర్డ్‌లూ సిక్స్త్‌లూ (జంట స్వరాలు), నెమ్మదిగా, చేతులు విడివిడిగా.